బ్యాంకు నోరు జారితే

బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు మనం యిచ్చేది కొద్దిపాటి డిపాజిట్టూ, రెండు ఫోటోలూ మాత్రమే అనుకుంటాం. నిజానికి ఆ కౌంటరు మీద మన పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫోను నెంబరు, ఆధారు, పాన్, సంతకం నమూనా, మన తర్వాత డబ్బు ఎవరికి చెందాలో ఆ మనిషి పేరు - అన్నీ పెట్టి వస్తాం. ఆ తర్వాత కూడా రోజూ యిస్తూనే ఉంటాం. ఏ నెల జీతం ఆలస్యమయింది, ఏ ఆసుపత్రికి ఎంత కట్టాం, ఊళ్ళో ఎవరికి ప్రతి నెలా ఎంత పంపుతున్నాం, ఏ వాయిదా తప్పింది - మన యింట్లోవాళ్ళకు తెలియని సంగతులు కూడా బ్యాంకు పుస్తకాలకు తెలుసు. డబ్బు పోతే దానికొక లెక్క ఉంటుంది, వడ్డీతో సహా రాబట్టుకోవచ్చు. కబురు బయటికి పొక్కితే దాన్ని మళ్ళీ లాకర్లో పెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ నష్టానికి ఖరీదు కట్టేదెవరు, చెల్లించేదెవరు అన్నదే ఈ వ్యాసంలో విషయం. కామర్సు పాఠ్యపుస్తకాల్లో 'బ్యాంకరు - ఖాతాదారు సంబంధం' అనే అధ్యాయం చివర రెండు పేరాలు ఉంటాయే, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా వస్తుందే, అదే. కాకపోతే ఆ రెండు పేరాలు చదివి వెళ్ళినవాడికి బ్యాంకు మేనేజరు ఎదుట ఏం మాట్లాడాలో మాత్రం తెలియదు.

కథ ఇంగ్లండులో మొదలయింది. టూర్నియర్ అనే ఆయనకు నేషనల్ ప్రొవిన్షియల్ అండ్ యూనియన్ బ్యాంకులో ఖాతా ఉండేది. ఆయన బ్యాంకుకు బాకీ పడ్డది ఎంతయ్యా అంటే 9 పౌండ్ల 8 షిల్లింగుల 6 పెన్నీలు. వారానికొక పౌండు చొప్పున తీరుస్తానని కాగితం వ్రాసి, తాను కొత్తగా చేరబోయే కంపెనీ చిరునామా యిచ్చాడు. కొన్ని వాయిదాలు కట్టి ఆపేశాడు. ఇంతలో అతని పేర వచ్చిన ఒక చెక్కును అతడు తన ఖాతాలో వేసుకోకుండా వేరొకరికి బదలాయించాడు. మేనేజరు ఆరా తీస్తే అది గుర్రప్పందేల బుకీకి చేరిందని తేలింది. ఆయనగారు ఊరుకోకుండా, టూర్నియర్ ఇంటి చిరునామా కనుక్కునే మిషతో ఆ కంపెనీకి ఫోను చేసి, మాటల్లో మాటగా అతడు బాకీ ఉన్నాడనీ, యిచ్చిన మాట నిలుపుకోవడం లేదనీ, పందేలు కాస్తున్నాడనిపిస్తోందనీ చెప్పేశాడు. కంపెనీవాళ్ళు అతని ఉద్యోగం పొడిగించలేదు.

టూర్నియర్ దావా వేశాడు. మొదట జ్యూరీ బ్యాంకు పక్షానే చెప్పింది. అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టివేసి, మళ్ళీ విచారణ జరపమన్నది. 1924 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఈ తీర్పే నేటికీ మన దేశంలో కూడా బ్యాంకు గోప్యతకు పునాదిరాయి. ఖాతాదారు సంగతులు బయట పెట్టకూడదన్నది నీతి మాత్రమే కాదు, కాగితం మీద వ్రాసుకోకపోయినా ఒప్పందంలో యిమిడి ఉన్న షరతు అని అందులో తేల్చారు. ఒప్పందం తప్పితే నష్టపరిహారం. దీనికి నాలుగే మినహాయింపులు అని న్యాయమూర్తి బాంక్స్ చెప్పారు: చట్టం నిర్బంధించినప్పుడు, ప్రజలపట్ల కర్తవ్యం అలా కోరినప్పుడు, బ్యాంకు తన బాకీ కోసం కోర్టుకెక్కడం వంటి స్వప్రయోజనం కోసం తప్పనిసరి అయినప్పుడు, ఖాతాదారే ఒప్పుకున్నప్పుడు. మరో న్యాయమూర్తి ఆట్కిన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఖాతా మూసిన తర్వాత కూడా ఈ బాధ్యత పోదన్నారు. (లా విద్యార్థులకు ఈయన పాత చుట్టమే; 1932 నాటి సీసాలో నత్త కేసు తీర్పు చెప్పింది ఈయనే.)

నూరేళ్ళు దాటిపోయాయి. బుకీలు పోయి ఆన్‌లైన్ ఆటలు వచ్చాయి. మేనేజరు పోయి వసూలు ఏజెంటు వచ్చాడు. కాని ఫోను మాత్రం అదే. మా విభాగానికి వచ్చే ఫోన్లలో ఇలాంటివి నేనే విన్నాను. 'మీ దగ్గర ఫలానా కుర్రాడు చదువుతున్నాడా, మూడు వాయిదాలు కట్టలేదండీ, కాస్త మీరు చెప్పండి' అంటాడు అవతలివాడు. ఎత్తింది గుమాస్తా అయినా, అటెండరు అయినా అతనికి పట్టదు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు జరుగుతున్న రోజుల్లో, నలుగురూ కూర్చుని ఉన్న గదిలోకి, ఒక పిల్లవాడి అప్పు కబురు ఇలా వచ్చి పడితే అతని ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు టూర్నియర్ కేసు వేరుగా పాఠం చెప్పనక్కరలేదు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీనిమీద స్పష్టంగా ఉత్తర్వు యిచ్చింది: అప్పు తీసుకున్నవారినీ, పూచీ ఉన్నవారినీ ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం పిలవకూడదు, వారి కుటుంబీకుల, స్నేహితుల, ఎరిగినవారి ఆంతరంగిక జీవితంలోకి చొరబడకూడదు. 'వాడు మా ఉద్యోగి కాదండీ, ఏజెన్సీవాడు' అని బ్యాంకువారు చెప్పే మాట చెల్లదు. ఏజెంటు చేసినదానికి బ్యాంకే జవాబుదారీ.

మన దేశపు చట్టాల సంగతికి వద్దాం. 1970లో బ్యాంకుల జాతీయీకరణ చట్టం చేసినప్పుడే 13వ సెక్షనులో విశ్వాసపాత్రత, గోప్యత అని వ్రాసిపెట్టారు. స్టేట్ బ్యాంకుకు 1955 చట్టంలోనే 44వ సెక్షను ఉంది. కొత్తగా చేరిన ప్రొబేషనరీ ఆఫీసరు సంతకం పెట్టే ప్రమాణపత్రం ఈ సెక్షన్ల బిడ్డే. అయితే ప్రమాణం తప్పితే ఖాతాదారుకు ఎంత యివ్వాలి అన్నది అందులో లేదు.

గోప్యత మన హక్కేనని గట్టిగా చెప్పిన తీర్పుల్లో ఒకటి మన హైదరాబాదు నుంచే వెళ్ళింది. ఈ సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు, తెలిస్తే గర్వపడతారు. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించింది. కలెక్టరు వ్రాతపూర్వకంగా అధికారం యిస్తే చాలు, ఎవరైనా సరే బ్యాంకులోకి ప్రవేశించి, ఖాతాదారుల దస్తావేజులు తిరగేసి, స్టాంపు సుంకం సరిగా లేదనిపిస్తే పట్టుకుపోవచ్చునట! హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీం కోర్టుకు వెళ్ళింది. జిల్లా రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్ అనే ఆ కేసులో 2004లో సుప్రీం కోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. కాగితం మన యింట్లో ఉన్నంతవరకే రహస్యం, బ్యాంకు చేతికి యిచ్చాక కాదు అని 1976లో అమెరికా సుప్రీం కోర్టు ఒక కేసులో చెప్పింది. మనవాళ్ళు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఆంతరంగికత మనిషికి సంబంధించింది గాని స్థలానికి కాదు, కాగితం బ్యాంకులో ఉన్నా మనిషి హక్కు దాని వెంటే ఉంటుంది అన్నారు. అక్కడ ఖాతాదారుల తరఫున నిలబడ్డది బ్యాంకే కావడం విశేషం. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి ముందు నడిచిన మెట్లలో ఇది ఒకటి.

సరే, హక్కు ఉంది. డబ్బు ఎలా వస్తుంది?

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. దానికి 2008లో చేసిన సవరణలో 43ఏ అనే సెక్షను చేర్చారు. అది 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చింది. సున్నితమైన సమాచారాన్ని తన కంప్యూటర్లలో ఉంచుకున్న కంపెనీ, తగిన భద్రత పాటించడంలో నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఒకరికి అక్రమ నష్టమో మరొకరికి అక్రమ లాభమో కలిగిస్తే, బాధితుడికి నష్టపరిహారం చెల్లించాలి. 2011 నియమాల్లో బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, పాస్‌వర్డు - ఇవన్నీ సున్నితమైనవిగా పేర్కొన్నారు. దావా ఎక్కడ వేయాలి? అయిదు కోట్ల లోపయితే కోర్టుకు పోనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఐటీ శాఖ కార్యదర్శే తీర్పరి. సచివాలయంలో కూర్చునే ఐఏఎస్ అధికారి సివిలు జడ్జీ పని చేస్తాడన్నమాట. ఆయన తీర్పు నచ్చకపోతే అప్పీలు ఢిల్లీలోని టెలికాం ట్రిబ్యునలుకు, ఆపైన హైకోర్టుకు.

ఇది కాగితం మీది పులి కాదనడానికి తమిళనాడులో ఒక ఉదాహరణ ఉంది. గల్ఫులో ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయనకు తూత్తుకుడిలో ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా. 2007లో బ్యాంకు పంపినట్టే ఉన్న దొంగ ఈమెయిలు వచ్చింది, ఆయన వివరాలు పూర్తిచేశాడు, ఆరు లక్షలకు పైగా మాయం. పాస్‌వర్డు నువ్వే యిచ్చావు కనుక తప్పు నీదే అంది బ్యాంకు. 2010లో తీర్పు చెప్పిన ఐటీ కార్యదర్శి అలా అనుకోలేదు. బ్యాంకు భద్రతా ఏర్పాట్లలోనే లోపం ఉందని చెప్పి, వడ్డీ, ఖర్చులతో కలిపి దాదాపు 12.85 లక్షలు చెల్లించమన్నారు. బ్యాంకు అప్పీలుకు వెళ్ళింది. 2019లో ట్రిబ్యునలు కూడా ఖాతాదారు పక్షానే చెప్పింది. లెక్క చూసుకోండి, డబ్బు పోయిన నాటినుంచి పన్నెండేళ్ళు. గెలిచాడు అనడానికి నోరు రావడం లేదు గాని, గెలిచాడు.

ఇప్పుడొక చేదు మాట చెప్పాలి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. సమాచారం బయటికి పొక్కితే ఆ సంగతి బాధితుడికి చెప్పి తీరాలన్న నిబంధన అందులో ఉంది, అది మంచిదే. భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. పత్రికలన్నీ ఆ 250 కోట్లనే పెద్ద అక్షరాల్లో వేశాయి. ఆ డబ్బు ఎవరికి పోతుందో 34వ సెక్షనులో ఉంది: భారత సంచిత నిధికి. అనగా కేంద్ర ఖజానాకు. సమాచారం పోయింది మీది, జరిమానా సర్కారుది. పైగా అదే చట్టంలోని 44వ సెక్షను పాత చట్టంలోని 43ఏను తీసివేస్తుంది. 2025 నవంబరు ప్రకటన ప్రకారం ఈ తీసివేత 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమలుకు వస్తుంది. కొత్త ఇల్లు కట్టుకుంటూ పాత ఇంటి బావి పూడ్చివేసినట్లుంది ఈ వ్యవహారం. కొత్త చట్టం చేసినవాళ్ళు బాధితుడికి ఒక్క రూపాయి దారి కూడా చూపకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. ఈ విషయంలో నాతో విభేదించే మిత్రులు మా లా విభాగంలోనే ఉన్నారు. భారీ జరిమానా భయమే బ్యాంకులను దారిలో పెడుతుందని వాళ్ళంటారు. పెట్టవచ్చు. కాని ఉద్యోగం పోయిన టూర్నియరుకు ఆ జరిమానాతో ఏం పని?

విదేశాల్లో ఇలా లేదు. బ్రిటన్‌లో 1984 నాటి సమాచార రక్షణ చట్టంలోనే పరిహారం అనే మాట ఉంది. అక్కడ ఒక ఫైనాన్సు కంపెనీ ఒకాయన పేర లేని అప్పును ఉన్నట్టు క్రెడిట్ సంస్థకు పంపింది. 2013లో అప్పీలు కోర్టు ఆయనకు యిప్పించిన మొత్తం చూడండి: నష్టం కింద నామమాత్రంగా 1 పౌండు, మనోవేదన కింద 750 పౌండ్లు. నష్టం రుజువు కానప్పుడు కోర్టులు ఎంత పిసినారులో ఆ ఒక్క పౌండే చెబుతుంది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2023 మేలో ఆస్ట్రియా తపాలా శాఖ కేసులో ఇదే చిక్కును మరో విధంగా విప్పింది: నియమం ఉల్లంఘించారు అన్నంత మాత్రాన పరిహారం రాదు, నష్టం జరిగిందని చూపాలి, అయితే ఆ నష్టం ఫలానా స్థాయికి మించి ఉండాలన్న అడ్డుగోడ కట్టరాదు. చిన్న నష్టమైనా నష్టమే.

మనకు ప్రస్తుతం అన్నిటికన్నా సులువైన పరిహారం ఎక్కడుందయ్యా అంటే, ఎవరూ చూడని చోట. సమాచారం బయటికి పొక్కడం ఒక్కటే దాన్ని పాడుచేయడం కాదు. తప్పు సమాచారాన్ని సరిదిద్దకుండా ఉంచడం కూడా అంతే. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి. మీరు ఏ బ్యాంకులో వాయిదా కట్టినా, మానినా అది వాటి రికార్డుల్లోకి చేరుతుంది. విద్యాఋణం తీసుకున్న ప్రతి విద్యార్థి పేరూ అక్కడ ఉంది. 2023 అక్టోబరు 26న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు యిచ్చింది, అది 2024 ఏప్రిల్ నుంచి అమలయింది. తప్పు ఉందని ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా సరిచేయకపోతే, ఆపైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదీకి చెల్లించాలి. బ్యాంకుకు అందులో 21 రోజుల గడువు. ఆ గడువు తప్పింది బ్యాంకయితే బ్యాంకు, బ్యాంకు సకాలంలో పంపినా కూర్చోబెట్టింది క్రెడిట్ సంస్థయితే ఆ సంస్థ. నష్టం రుజువు చేయనక్కరలేదు, లాయరు అక్కరలేదు. క్యాలెండరు ఉంటే చాలు.

ఇది నేను చేసి చూసిందే. స్కూటరు కోసం తీసుకున్న అప్పు 2019లో పూర్తిగా తీర్చి, బాకీ లేదన్న పత్రం కూడా తీసికొన్నాను. అయిదేళ్ళ తర్వాత ఇంటి అప్పుకు దరఖాస్తు పెడితే, నా రిపోర్టులో ఆ స్కూటరు ఇంకా బాకీతోనే తిరుగుతోంది. ఇంటి అప్పు యిస్తామన్న బ్యాంకు చేతులు ముడుచుకుంది. పాత బ్యాంకు శాఖకు పోతే ఆ మేనేజరు బదిలీ అయిపోయాడు, కొత్తాయన 'పైవాళ్ళకు వ్రాస్తాం మాస్టారూ' అని కాఫీ యిచ్చాడు. కాఫీ తాగాను గాని, ఫిర్యాదు మాత్రం వ్రాతపూర్వకంగా యిచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని, తేదీ వేయించుకున్నాను. క్రెడిట్ సంస్థకు అదే రోజు వేరుగా ఫిర్యాదు చేశాను. 73వ రోజున రికార్డు సరి అయింది. 43 రోజుల మాట 4,300 రూపాయలు. అయిదు పనిదినాల్లో ఖాతాలో వేయాలని ఉత్తర్వులో ఉంది. నాకు మాత్రం ఒక జ్ఞాపిక వ్రాశాకే పడింది. మా ఆవిడ 'ఇంత గొడవా 4,300కేనా' అంది. నిజమే, ఆ రెండు నెలల్లో నేను చూసుకున్న ఫ్లాటు వేరేవాళ్ళు కొనుక్కున్నారు, దానికి ఖరీదు కట్టే ఉత్తర్వు లేదు. కాని ఆ ముద్ర లేకపోతే ఆ 4,300 కూడా లేదు, రికార్డూ మారేది కాదు.

ఖాతాలోంచి దొంగలు డబ్బు లాగేస్తే దారి వేరు. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు నిర్లక్ష్యమే కారణమైతే ఖాతాదారు మీద ఒక్క పైసా బాధ్యత లేదు. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో మరెవరిదో అయితే, కబురు అందిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు చెప్పినా మీ బాధ్యత సున్న. ఆలస్యమయిన కొద్దీ భారం మీ మీదికి జరుగుతుంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేసే బరువు బ్యాంకు మీదే పెట్టారు. దీన్ని చాలామంది మరిచిపోయి, తామే నిర్దోషులమని రుజువు చేసుకోవడానికి తంటాలు పడతారు.

ఇంతకుమించి అడగదలచినవాళ్ళకు రెండు గుమ్మాలున్నాయి. ఒకటి అంబుడ్స్‌మన్. 2021 నవంబరు 12న మొదలయిన సమీకృత పథకంలో, కలిగిన నష్టానికి 20 లక్షల దాకా, మనోవేదనకు, కాలహరణానికి వేరుగా లక్ష దాకా యిప్పించే అధికారం యిచ్చారు. ఈ అంకెలు సవరణల్లో మారేవి గనుక దరఖాస్తు పెట్టేముందు సరిచూసుకోవాలి. ముందుగా బ్యాంకుకు ఫిర్యాదు యిచ్చి 30 రోజులు ఆగడం తప్పనిసరి. నేరుగా వెళ్ళితే తిప్పి పంపుతారు. ఫీజు లేదు. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. బ్యాంకు సేవ కూడా సేవే అని 2019 చట్టం నిర్వచనంలోనే ఉంది. రెండేళ్ళలోగా వెయ్యాలి, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కొత్త సమాచార చట్టం వచ్చినా ఈ తలుపు మూసినట్లు ఎక్కడా వ్రాయలేదు. ఇకముందు బాధితులకు గట్టి ఆసరా ఇదేనని నా అంచనా. ఒకే ఫిర్యాదుతో రెండు గుమ్మాలూ ఒక్కసారి ఎక్కకూడదు. కమిషన్‌లో నడుస్తున్న కేసును అంబుడ్స్‌మన్ తీసికోడు.

ఎక్కడికి పోయినా అడిగేవి మూడు: ఏ సమాచారం, ఎవరి నోటినుంచి, ఏ తేదీన పోయింది, దానివల్ల మీకు ఏం పోయింది, మీరు ఎప్పుడు చెప్పారు. 'బ్యాంకువాళ్ళు నా పరువు తీశారు' అని నాలుగు పేజీలు వ్రాసినవాళ్ళకన్నా, ఫలానా తేదీ సాయంత్రం 7.40కి ఫలానా నెంబరు నుంచి మా విభాగం ఫోనుకు వచ్చిన కాల్, ఎత్తినది ఫలానావారు అని నాలుగు పంక్తులు వ్రాసినవాళ్ళకే పని జరగడం చూశాను. ఆ ఫోను ఎత్తిన గుమాస్తా చేత రెండు మాటలు వ్రాయించి సంతకం తీసికొంటే ఇంకా మంచిది. ఇంటర్వ్యూ పోయిందా, అప్పు తిరస్కరించారా, ఆ తిరస్కరణ కాగితం జత చేయండి. టూర్నియర్ కూడా ఉద్యోగం పోయిందని చూపగలిగాడు కనుకనే కోర్టు దాకా నిలబడగలిగాడు.

నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కసారి పూర్తి రిపోర్టు ఉచితంగా యివ్వాలి. విద్యాఋణం ఉన్నవాళ్ళు చివరి సంవత్సరం రెండో సెమిస్టరులోనే, ప్లేస్‌మెంట్లకు ముందే, అది తెప్పించుకుని చూసుకుంటే తప్పులు సరిచేయించుకోవడానికి ఆ 30 రోజుల వ్యవధి చేతిలో ఉంటుంది. బ్యాంకుకు యివ్వవలసిన ఫిర్యాదు నమూనాలు రెండు, ఏజెంటు ఫోనుమీద ఒకటి, రిపోర్టు తప్పుమీద ఒకటి, తెలుగులో టైపు చేయించి మా విభాగం గుమాస్తా బల్లమీద ఉంచాను. కావలసినవారు నకలు తీసికోవచ్చు, అసలు మాత్రం అక్కడే ఉంచాలి.